నాయనమ్మ తెచ్చిన రెండెకరాలు

మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికాలో నెబ్రాస్కాలో ఉంటాడు. నాకంటే మూడేళ్లు చిన్న. కిందటేడు నుంచి మా కుటుంబం గురించి ఒక చిన్న పుస్తకం వేయిస్తానని అందరి దగ్గరా ఫొటోలూ తేదీలూ పోగు చేస్తున్నాడు. శ్రద్ధగానే చేశాడు, కాదనను. తాతయ్య పుట్టిన ఊరు, ఆయన చదువు, 1958లో గుంటూరు జిల్లా నుంచి మరిపెడ వచ్చి ఇరవై ఎకరాలు కొనడం, బావి తవ్వించడం, మిరప తోటలు వేయడం, నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవడం, అన్నీ కలిపి నాలుగు పేజీలు వచ్చాయి. నాయనమ్మకి ఒక్క వాక్యం. ఆమె పేరు, పుట్టినూరు, ‘అన్నపూర్ణ లాంటి ఇల్లాలు’ అని. “అక్కా, నువ్వు ఆవిడ దగ్గరే పెరిగావుగా, ఇంకో రెండు లైన్లు రాసి పంపు” అన్నాడు.

రెండు లైన్లలో పట్టేది కాదు. పైగా ఆ నాలుగు పేజీల్లో బావి సంగతి అసలు నిజమే కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు మావాళ్లు ఎందుకొచ్చారో చెప్పాలి. కృష్ణా డెల్టాలో ఆనకట్ట నీళ్లు వచ్చి అప్పటికే వందేళ్లు. భూమి ధర ఆకాశంలో ఉండేది, అన్నదమ్ములు పంచుకుంటే తలకి ఎకరమో అరో మిగిలేది. ఇటు చూస్తే 1948లో పోలీసు చర్య అయింది, దొరలు కొందరు గడీలు వదిలి హైదరాబాదు చేరారు, 1950లో కౌలుదార్ల చట్టం వచ్చింది. భూములు చేతిలోంచి జారిపోతాయేమోనని వచ్చిన ధరకి అమ్ముకున్నారు. కోస్తా రైతులు ఇలా కదలడం అదే మొదలు కాదు. నిజాంసాగర్ కాలవ కింద నిజామాబాద్ వైపు అంతకుముందే వెళ్లారు. తుంగభద్ర నీళ్లు వచ్చాక కర్ణాటకలో సింధనూరు, గంగావతి దగ్గర స్థిరపడ్డవాళ్ల పల్లెల్ని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. మరిపెడ చుట్టూ కాలవల్లేవు. చెలకలూ, మధ్యమధ్యలో నల్లరేగడీ, బావులూ. అందుకే ఇంకా చవక.

నాయనమ్మ పుట్టిల్లు తెనాలి పక్క. పెళ్లప్పుడు పసుపుకుంకుమ కింద రెండెకరాల మాగాణి ఇచ్చారు. ఈ పసుపుకుంకుమ మాట మా తరం దాటితే విడమరిచి చెప్పాల్సి వస్తోంది. ఆడపిల్లకి పుట్టింటివాళ్లు ఇచ్చే భూమి అది. దాని మీద వచ్చే గింజలూ డబ్బులూ ఆమెవి. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక అలాంటి భూమి మీద ఆడవాళ్లకి పూర్తి హక్కు కూడా వచ్చింది. కాబట్టి రెండేళ్ల తర్వాత ఆ పొలం అమ్మినప్పుడు రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టింది నాయనమ్మే. ఆ డబ్బే ఇక్కడ ఇరవై ఎకరాలైంది. ఇక్కడ రాసుకున్న కాగితంలో మాత్రం తాతయ్య పేరు ఒక్కటే ఉంది.

“నీ పేరెందుకు పెట్టించుకోలేదు నాయనమ్మా?” అని అడిగాను, డిగ్రీ చదివే రోజుల్లో, నాలుగు ముక్కలు చదివిన ధీమాతో.

“అడగొచ్చని తెలిస్తేగా” అంది. శనగలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

మా తమ్ముడు ఉండే రాష్ట్రంలో బియాట్రిస్ అనే ఊరి దగ్గర హోమ్‌స్టెడ్ చట్టం గురించి ఒక మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు పంపించాడు. 1862లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన చట్టం అది. 160 ఎకరాలు ఇస్తారు, అయిదేళ్లు అక్కడే ఇల్లు కట్టుకుని సాగు చేస్తే సొంతం. పౌరసత్వం తీసుకుంటామని రాసిస్తే ఇంగ్లండు నుంచో జర్మనీ నుంచో వచ్చినవాళ్లకి కూడా ఇచ్చారు. పెళ్లికాని ఆడవాళ్లూ వితంతువులూ సొంత పేరు మీద తీసుకోవచ్చు. మొగుడున్న ఆడదానికి మాత్రం మామూలుగా కుదరదు, ఇంటి యజమాని అతనే కదా. చదివి నవ్వొచ్చింది నాకు. ఓడ దిగి, బండెక్కి, మట్టిగడ్డలతో కట్టిన ఇంట్లో చలికి వణుకుతూ పిల్లల్ని కన్న ఇంగ్లీషావిడకీ, తెనాలి నుంచి ఎడ్లబండి మీద వచ్చిన మా నాయనమ్మకీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు. ఇంకో పోలిక కూడా ఉంది, అది అంత నవ్వొచ్చేది కాదు. అక్కడా ఆ భూమి ఖాళీగా లేదు. ముందునుంచీ ఉన్నవాళ్లు ఉన్నారు.

ఎనిమిది రోజుల ప్రయాణమట. రెండు బళ్లు. ఒకదానిలో ధాన్యం, నాగలి, కాడి, పాత్రసామాను, రెండోదానిలో నాయనమ్మ, ఆరేళ్ల మా అత్త, మూడేళ్ల పెదనాన్న. అప్పుడే కొత్తగా తెరిచిన ప్రకాశం బ్యారేజీ మీదుగా కృష్ణ దాటారు. నందిగామ, జగ్గయ్యపేట, ఖమ్మం, తిరుమలాయపాలెం. రాత్రిళ్లు ఏ చెరువు గట్టునో బళ్లు విప్పి మూడు రాళ్లు పెట్టి వండుకునేవారు. “దారంతా మీ తాతయ్య రైతులతో మాట్లాడుకుంటూ నడిచాడు. నేను ఎనిమిది రోజులూ కుండ ఒళ్లో పెట్టుకు కూర్చున్నా” అనేది. ఆ కుండలో బూడిద, బూడిదలో విత్తనాలు: గోంగూర, సొర, బీర, చిక్కుడు, మిరప. తడి గోనెలో చుట్టిన మునగ కొమ్మ ఒకటి బండి వెనక కట్టుకుంది. ఆ మునగ చెట్టు నేను చూశాను, కాయలు తిన్నాను. మా తమ్ముడూ తిన్నాడు.

గోంగూర ఇక్కడ లేదనుకుని మోసుకొచ్చింది పాపం. ఇక్కడ పుంటికూర అంటారని తెలియదు. అంగడిలో కుప్పలుగా పోసి ఉంటే చూసి తల పట్టుకుందట.

భాష కథలు చెప్పాలంటే ఇంకో రోజు కావాలి. వచ్చిన రెండోరోజు దారిన పోయే ఒకావిడ ఆగి “ఏడికెళ్లి వచ్చిండ్రు?” అంది. ఎక్కడినుంచి వచ్చారని ఆవిడ అడగడం. నాయనమ్మకి ఎక్కడికి వెళ్లి వచ్చారు అని వినపడింది. “ఎక్కడికీ వెళ్లలేదమ్మా, ఇంట్లోనే ఉన్నా” అంది. ఆవిడ కాసేపు చూసి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. సంతని అంగడి అంటారు, ఉల్లిపాయ ఉల్లిగడ్డ, వేరుశనక్కాయలు పల్లికాయలు, రాగులు తైదలు. కొలతలు కూడా వేరే. మనకి ఎకరానికి వంద సెంట్లు, ఇక్కడ నలభై గుంటలు. గుంటంటే రెండున్నర సెంట్లని వేళ్ల మీద లెక్కపెట్టుకుని, తాతయ్య కంటే ముందే ఆవిడ నేర్చుకుంది. కూలీలకి కైలు లెక్కలు చూసేది ఆవిడే మరి.

ఇప్పుడు బావి దగ్గరికి వస్తాను.

చేరిన వారానికి నాయనమ్మ నీళ్లకి వెళ్తే అక్కడ తన వయసు లంబాడీ అమ్మాయి ఒకామె రెండు బిందెలతో నిలబడి ఉంది. చేతినిండా గాజులు, అద్దాల లంగా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారట. ఆమే ముందు మాట్లాడింది. “నీళ్లు తోడుకుంట దొరసానీ. బాయి మా మామ, మా ఇంటాయన తవ్విండ్రు. రెండు ఎండకాలాలు తవ్విండ్రు.”

విషయం ఏమిటంటే, తాతయ్య కొన్న భూమిలో బావి ఉన్న చెక్క, ఆరేడు ఎకరాలు, ఆ కుటుంబం చాలా ఏళ్లుగా దొర దగ్గర కౌలుకి చేసేది. రాళ్లు ఏరి, తుమ్మలు కొట్టి, చెలకని పొలం చేసింది వాళ్లే. చట్టం ప్రకారం రక్షిత కౌలుదారు కిందికి రావాల్సినవాళ్లు. కానీ వాళ్ల పేరు ఏ రికార్డులోనూ ఎక్కలేదు. 1954-55 కాస్రా పహాణీలో ఎక్కనివాళ్లు ఆ తర్వాత ఎంత తిరిగినా ఎక్కలేదని ఇక్కడ ఎవర్ని అడిగినా చెబుతారు. దొర అమ్మేశాడు, మనవాళ్లు కొన్నారు, వాళ్లు తండా పక్కన ఉన్న రాళ్ల చెలకకి జరిగారు. తాతయ్యకి ఈ సంగతి కొనేముందు తెలుసో లేదో నాకు తెలియదు. నాయనమ్మ అడిగితే మాత్రం “బావి కూడా కాగితంలో రాసే ఉంది” అన్నాడట. అందులో అబద్ధమేమీ లేదు. రాసే ఉంది.

ఆ సాయంత్రం నుంచి నాయనమ్మ చేసిందల్లా ఒక్కటే. వాళ్లు నీళ్లకి వచ్చే వేళకి తాతయ్యని ఇంటి దగ్గర ఏదో ఒక పని మీద ఆపేసేది. ఏడాది అలా సాగింది.

1959 శ్రావణంలో మా నాన్న పుట్టాడు. నాలుగు రోజులుగా వాన. ఆకేరు నిండా పారుతోంది, ఖమ్మం వైపు బండి కదిలే పరిస్థితి లేదు. నొప్పులు మొదలైన రాత్రి తాతయ్యే లాంతరు పట్టుకుని తండాకి వెళ్లాడు. వెళ్లింది ఎవరింటికో ఊహించుకోండి. ఆ అమ్మాయి అత్తగారు మంత్రసాని. తలమీద గోనె కప్పుకుని ఆ వానలో వచ్చింది. అడ్డం తిరిగిన బిడ్డట. తెల్లారేదాకా పట్టింది. కొడవలి కాగబెట్టి బొడ్డు కోసింది. పురిటి స్నానానికి నీళ్లు ఆ బావివే. డబ్బులిస్తే తీసుకోలేదు. పురుడు వెళ్లాక పెట్టిన చీర మాత్రం తీసుకుంది. నాయనమ్మ ఆవిణ్ని చివరిదాకా ‘యాడీ’ అనే పిలిచింది. వాళ్ల భాషలో అమ్మ. కోడలు మాత్రం నాయనమ్మని దొరసాని అనడం మాని అక్కా అనడానికి ఇంకో మూడు నాలుగేళ్లు పట్టింది. ఆ మాట కోసం నాయనమ్మే పట్టుపట్టిందని మా అత్త చెబుతుంది.

బావి మాట మళ్లీ రాలేదు. మంగళవారం, శుక్రవారం వాళ్ల మోట, మిగతా రోజులు మనది. ఎవరూ రాసుకోలేదు, ఎవరూ తప్పలేదు.

ఇలాంటివి పుస్తకాల్లోకి ఎందుకు రావంటే, వీటికి రసీదులు ఉండవు. తాతయ్య కొన్న ఆయిలింజను రసీదు మా ఇంట్లో మొన్నమొన్నటిదాకా ఉంది.

1969లో తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు మా చుట్టాల్లో రెండు కుటుంబాలు సామాను సర్దుకుని వెనక్కి వెళ్లాయి. తాతయ్య కూడా ఒక దశలో బండి కట్టమన్నాడట. నాయనమ్మ వెళ్లనంది. “ఎక్కడికి? అక్కడేముంది, నా రెండెకరాలున్నాయా?” అందట. ఆ మాట తర్వాత ఆయన ఇంకేమీ అనలేదు. నాకు తెలిసి ఆ భూమి తనదని నాయనమ్మ ఆయన ముందు అన్నది ఆ ఒక్కసారే. ఇక్కడ మమ్మల్ని ‘గుంటూరోళ్లు’ అనేవారు, తెనాలి వెళ్తే ‘నైజాం వాళ్లొచ్చారు’ అని నవ్వేవారు. నాయనమ్మ అక్కడికెళ్లి “బేస్తవారం పోతా” అంటే వాళ్ల వదినలు పడిపడి నవ్వారట. బతుకమ్మకి తంగేడుపూలూ గునుగుపూలూ ఏరడం మా అమ్మకి నేర్పింది ఆవిడే. మా అమ్మ మళ్లీ గుంటూరు నుంచి వచ్చిన కోడలే లెండి.

1997-98 గురించి కూడా చెప్పాలి. వరంగల్ జిల్లాలో పత్తి పురుగు తినేసి, మందులు పనిచేయక, అప్పులు తీరక ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడాది. తాగింది ఆ పురుగుమందులే. అప్పటికి తాతయ్య లేరు. నాన్నా పెదనాన్నా పత్తి వేశారు, పోయింది. నాకు గుర్తున్నది నాయనమ్మ తన ఇనప్పెట్టె ఖాళీ చేయడం. చీరలూ కాగితాలూ తీసి చెక్క ట్రంకులో పెట్టి, మందు డబ్బాలన్నీ పెట్టెలో వేసి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో. మందు కొట్టే రోజున తనే తీసిచ్చి, సాయంత్రం డబ్బాలు లెక్కబెట్టి లోపల పెట్టేది. ఎందుకని ఎవరూ అడగలేదు. తండాకి వెళ్లి ‘చెల్లెలి’ ఇంట్లోని డబ్బాలు కూడా తెచ్చేసుకుంది. రెండిళ్ల మగవాళ్లూ ఆ ఏడాదంతా డెబ్భై ఏళ్లకి దగ్గరపడుతున్న ఆవిడ ముందు చేయి చాచి మందు తీసుకున్నారు.

మా అత్తకి వాటా రాలేదు. ఎన్టీఆర్ హయాంలో ఆడపిల్లలకి ఆస్తి హక్కు చట్టం వచ్చినప్పుడు, 1985కి ముందే పెళ్లయినవాళ్లకి అది వర్తించలేదు. ఆవిడ పెళ్లి ఎప్పుడో అయిపోయింది. ఆవిడ బంగారం మాత్రం ఒకసారి బావికి కరెంటు మోటారు వేయడానికి వెళ్లి తిరిగొచ్చింది. అది ఇంకో కథ.

తాతయ్య పోయిన మరుసటి ఏడాది, 1992లో, నాయనమ్మ మరిపెడ వెళ్లి స్టాంపు కాగితం తెప్పించింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఊళ్లో కాగితాలు రాసే ఆయన వరండాలో కూర్చుని రాశాడు. నాన్న, పెదనాన్న, తండావాళ్ల పెద్దకొడుకు సంతకాలు పెట్టారు, నాయనమ్మ కూడా. తెనాలిలో పెట్టిన సంతకం తర్వాత ఆవిడ ఇంకెక్కడైనా సంతకం పెట్టిందో లేదో. తర్వాత నన్ను పిలిచి పైకి చదవమంది. తడబడితే మళ్లీ మొదటినుంచి. మూడుసార్లు చదివించుకుంది. రిజిస్టరు చేసిన కాగితం కాదు, కోర్టులో ఎంత నిలబడుతుందో లాయర్లే చెప్పాలి. కానీ ముప్ఫై రెండేళ్లు దాన్ని ఎవరూ దాటలేదు. మోట పోయింది, ఇంజను పోయింది, మోటారొచ్చింది, ఎవరి పొలంలో వాళ్లకి బోర్లు పడ్డాయి, కొన్ని ఎండాయి. మంగళ శుక్రవారాలు అలాగే ఉన్నాయి. నాయనమ్మ 2009లో పోయినప్పుడు ఆ ‘చెల్లెలు’ రెండు రోజులు మా వరండాలోంచి కదల్లేదు.

2024 సెప్టెంబరు 1 ఆదివారం మీకు గుర్తుండే ఉంటుంది. ఆకేరు ఊళ్ల మీదికి వచ్చిన రోజు. మహబూబాబాద్ జిల్లాలో రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. పొలం దగ్గర పాత ఇంట్లోకి నడుములోతు నీళ్లు వచ్చాయి. మనుషులకేమీ కాలేదు, ఆ రాత్రి అందరూ ఊళ్లో ఇంట్లో ఉన్నారు. చెక్క ట్రంకు మాత్రం రెండు రోజులు నీళ్లలో ఉంది. ఇంజను రసీదు ముద్దయింది. స్టాంపు కాగితం మీద ముద్ర కనపడుతోంది, రాత లేదు. నీలం సిరా మొత్తం కాగితమంతా పాకింది. తండావాళ్ల దగ్గర జిరాక్సు ఉండేది. వాళ్ల ఇంట్లోకి మనకంటే ఎక్కువ నీళ్లొచ్చాయి.

మా అన్నయ్య పొలం చూస్తున్నాడు. రోడ్డు వైపు భూములకి ధర పెరిగింది. బావి ఉన్న ఆరెకరాలూ ప్లాట్లు చేస్తామని ఒకరు వచ్చారు. వాటాదారులు ముగ్గురూ, అంటే మా అన్నయ్య, నెబ్రాస్కా తమ్ముడు, వాళ్ల అన్నయ్య, అమ్మడానికే మొగ్గుతున్నారు. కొనేవాళ్లు అడిగేది ఒకటే, పొలం మీద ఇంకెవరి హక్కూ ఉండకూడదు. బావి పూడ్చేస్తారు. కిందనున్న తండావాళ్ల నాలుగెకరాలకి వేరే నీళ్లు లేవు, వాళ్లు వేసిన రెండు బోర్లూ పడలేదు. అన్నయ్యకి ఇదంతా తెలుసు. “కాగితమేదీ?” అన్నాడు నాతో. చెడ్డవాడు కాదు. కూతురి పెళ్లి ఉంది, అప్పుంది.

కాగితంలో ఏముందో నాకు తెలుసు. ఎనిమిదేళ్ల వయసులో మూడుసార్లు పైకి చదివింది ఎవరూ మర్చిపోరు. అమ్మకం మీద సంతకాలు కాకముందే ముగ్గురికీ కొత్త కాగితం మీద రాసి పంపాను. సాక్షిగా నా సంతకం, మా అత్త సంతకం పెట్టాం. ఆవిడకిప్పుడు డెబ్భై మూడు. ఆ రోజు వరండాలో ఆవిడా ఉంది. పుస్తకంలో నాయనమ్మ పేజీకి కూడా ఇదే పంపాను, వేసుకుంటే వేసుకోమని. కాగితంలో రాయించిన మాటలు ఇవి:

ఈ బావి మా కంటే ముందు వాళ్లు తవ్వినది. మంగళవారం, శుక్రవారం నీళ్లు వాళ్లవి. మా పిల్లలు గానీ వాళ్ల పిల్లలు గానీ ఈ భూమి ఎవరికి అమ్మినా, బావి కింద ఇరవై గుంటలు విడిచిపెట్టి అమ్మవలెను. ఆ ఇరవై గుంటలు నా పసుపుకుంకుమలోవి.